షెల్ అమరికలు - స్టో పద్ధతి: ఒక విమర్శ

వడ్రంగి ఊరు మారితే పనిముట్ల సంచిని వెంట తీసుకొని పోతాడు. యూనిక్స్ సంతతికి చెందిన కంప్యూటర్లపై పనిచేసేవారికి అట్టి సంచి వంటివి షెల్ అమరిక ఫైళ్లు. మనం కీబోర్డుపై కొట్టిన ఆజ్ఞను అందుకొని తగిన ప్రోగ్రామును నడిపించేదే షెల్. అది మొదలయ్యేటప్పుడు మన సొంత ఫైలు ఒకటి చదువుకొంటుంది. పొడుగైన ఆజ్ఞలకు మనం పెట్టుకొన్న పొట్టి పేర్లు, ప్రోగ్రాములను వెదకవలసిన చోట్లు మొదలైనవి అందులో ఉంటవి. బాష్ అనే షెల్‌కు ఈ ఫైలు '.బాష్‌ఆర్‌సీ'. పేరుకు ముందు చుక్క ఉండుటచేత మామూలు జాబితాలో ఇది కనబడదు. (ఈ మరుగు ఎవరూ ఆలోచించి కల్పించినది కాదట. '.', '..' అనే రెండు పేర్లను జాబితా నుండి తప్పించుటకు తొక్కిన అడ్డదారి ఫలితమని బెల్ లాబొరేటరీలో పనిచేసిన రాబ్ పైక్ 2012లో వ్రాశారు.)

ఇంట్లో ఒక కంప్యూటరు, బడిలో మరొకటి ఉన్నవారు ఈ ఫైళ్లను రెండుచోట్లా ఒకే తీరున ఉంచుకొనుట ఎట్లా? మార్పుల చరిత్రను దాచే గిట్ అనే ప్రోగ్రామును లినస్ టోర్వాల్డ్స్ 2005లో రచించారు. ఫైళ్లన్నిటినీ ఒక డైరెక్టరీలో చేర్చి గిట్‌కు అప్పగించవచ్చు. కాని షెల్ వాటిని అక్కడ వెదకదు, హోం డైరెక్టరీలోనే వెదకుతుంది. ఈ చిక్కును విడదీసేది స్టో. దీనిని 1993లో బాబ్ గ్లిక్‌స్టీన్ రచించారు. అసలు ఉద్దేశం ఇది కాదు. వేరువేరుగా స్థాపించిన ప్రోగ్రాములను ఒకేచోట ఉన్నట్లు కనబరచుట.

స్టో ఫైలును నకలు చేయదు. హోం డైరెక్టరీలో ఆ పేరుతో ఒక లింకును మాత్రం ఉంచుతుంది. లింకును తెరచినచో అసలు ఫైలే తెరచుకొంటుంది. నకళ్లు లేవు కనుక, ఒక కంప్యూటరులోపల ఒకదానికొకటి విరుద్ధమయ్యే ప్రసక్తి లేదు. రేపు స్టోను తీసివేసినా లింకులు పనిచేస్తూనే ఉంటవి. ఇంత తక్కువ పనిముట్టుతో ఇంత ప్రయోజనం అరుదు.

అయితే ఇందులో ఒక పెద్ద దోషం ఉన్నది. చేరవలసిన చోట డైరెక్టరీ లేకపోతే, స్టో ఒక్కొక్క ఫైలుకు లింకు వేయక, డైరెక్టరీ మొత్తానికి ఒకే లింకు వేస్తుంది. దీనినే మడత అంటారు. ప్రోగ్రాములను స్థాపించునప్పుడు ఇది చక్కని పొదుపే. సొంత ఫైళ్ల విషయంలో మాత్రం ప్రమాదం. దూరపు కంప్యూటరులో ప్రవేశించుటకు వాడే ఎస్‌ఎస్‌హెచ్ అమరికను కొత్త కంప్యూటరులో స్టో ద్వారా పెట్టితిరనుకొనండి. '.ఎస్‌ఎస్‌హెచ్' డైరెక్టరీ అప్పటికి లేదు. కనుక అదంతా లింకైపోయింది. తరువాత మీరు తయారుచేసిన రహస్యపు తాళంచెవి నేరుగా గిట్ చేతిలోని డైరెక్టరీలో పడుతుంది. అన్నిటినీ చేర్చుమని గిట్‌కు ఒక్క ఆజ్ఞ ఇచ్చి నలుగురు చూచే చోటికి పంపితిరా, రహస్యం బయటపడినట్లే. మరునాడు చెరిపినా పాత చరిత్రలో అది నిలిచి ఉంటుంది. ఆ తాళంచెవిని రద్దుచేసి కొత్తది చేసుకొనుట తప్ప గతి లేదు. ఆజ్ఞకు '--నో-ఫోల్డింగ్' చేర్చినచో మడత పడదు. సొంత ఫైళ్లకు దీనిని ఎల్లప్పుడూ చేర్చవలెనని నా అభిప్రాయం.

రెండవ కొరత స్టోది కాదు, దానినుండి మనం ఆశించేదానిది. ఫైలు ఒకటే అయినా కంప్యూటర్లు ఒకటి కావు. ప్రవేశపు షెల్‌గా మొదలైనప్పుడు బాష్ '.బాష్‌ఆర్‌సీ'ని తనంత తాను చదవదు, '.బాష్_ప్రొఫైల్' వంటిదాని కోసం చూస్తుంది. మాక్‌లోని టెర్మినల్ మామూలుగా ప్రవేశపు షెల్‌నే తెరుస్తుంది, లినక్స్ టెర్మినళ్లు సాధారణంగా అట్లు చేయవు. 2019 నుండి మాక్‌లో కొత్త ఖాతాలకు షెల్ బాష్ కాదు, జడ్‌ఎస్‌హెచ్, అది '.బాష్‌ఆర్‌సీ'ని చూడనే చూడదు.

2018లో వెలువడిన షేమ్వా ఇట్టి తేడాలను అచ్చుమూసలతో పరిష్కరిస్తుంది: ఒకే మూసనుండి ఏ కంప్యూటరుకు తగిన ఫైలు దానికి తయారవుతుంది. కాని మూసల భాష నేర్వవలెను. పైగా తయారయ్యేది నకలు గనుక, దానిని నేరుగా దిద్దినచో మూసకు ఆ మార్పు తెలియదు. పదిరకాల కంప్యూటర్లున్నవారికి ఈ శ్రమ తగును. రెండింటితో సరిపెట్టుకొనే విద్యార్థికి స్టోయే మేలు. తేడాలను వేరొక చిన్న ఫైలులో వ్రాసి, గిట్‌కు ఇవ్వక ఆ కంప్యూటరులోనే ఉంచి, అది ఉన్నచో చదువుమని '.బాష్‌ఆర్‌సీ' చివర ఒక్క వరుస వ్రాసుకొంటే చాలు.