కోల్‌విట్జ్ చెక్కిన తల్లులు

1914లో కేతె కోల్‌విట్జ్ కొడుకు పీటర్ యుద్ధానికి పోతానన్నాడు. వయసు చాలదు కనుక తండ్రి అనుమతి కావాలి. తండ్రికి ఇష్టం లేదు. కొడుకు తరఫున మాట్లాడి ఒప్పించింది తల్లే. ఆ అక్టోబరులోనే బెల్జియంలో పీటర్ చనిపోయాడు. పద్దెనిమిదేళ్లు. ఆ తర్వాత ఆమె చేసిన బొమ్మలన్నిటి అడుగునా ఆ అనుమతే ఉందని నా నమ్మకం.

అప్పటికే ఆమె జర్మనీలో పేరున్న చిత్రకారిణి. రాగిరేకు మీద ఎచింగ్, రాతి మీద లిథోగ్రాఫ్ వెన్నతో పెట్టిన విద్య. అయినా ఈ దుఃఖం వాటికి లొంగలేదు. 1920లో బెర్లిన్ ప్రదర్శనలో ఎర్నస్ట్ బార్లాక్ వుడ్‌కట్లు చూసి, యాభై దాటాక కొత్తగా చెక్క పట్టింది.

ఈ పని మన ప్రాంతానికి కొత్త కాదు. రేపల్లె నుంచి పెనుమూడి వారధి దాటి, బందరు మీదుగా పెడన వెళ్తే కలంకారీకి టేకు అచ్చులు చెక్కేవాళ్లు కనిపిస్తారు. సూత్రం ఒకటే. బొమ్మను చెక్క మీద తిరగేసి గీసుకోవాలి. తెల్లగా ఉండాల్సిన చోటల్లా తవ్వేయాలి. ఎత్తుగా మిగిలినదానికే రంగు అంటుతుంది. పెడన పనివాడు ఎన్నిసార్లు పక్కపక్కన అద్దినా అతుకు తెలియకుండా, గీత నున్నగా వచ్చేలా చెక్కుతాడు. కోల్‌విట్జ్ ఆ నునుపు వద్దనుకుంది. ఉలి గాట్లను అలాగే వదిలేసింది.

రాగిరేకు మీద బూడిదరంగు ఛాయలెన్నో తేవచ్చు. ఆమె చెక్కలో మాత్రం నలుపో, తెలుపో. తవ్వింది మళ్లీ పూడదు. అందుకే ఏది అక్కర్లేదో ముందే తేల్చుకోవాలి. ఆమె తీసేసినవి చూడండి: శత్రువు లేడు, యుద్ధభూమి లేదు, జెండా లేదు. 1921, 22ల్లో చెక్కిన 'యుద్ధం' ఏడు బొమ్మల్లో మిగిలింది ఇంటివాళ్లే. 'బలి'లో తల్లి పసిబిడ్డను చేతుల్తో ఎత్తి అర్పిస్తుంది. 'స్వచ్ఛంద సైనికులు'లో మృత్యువు డప్పు కొడుతుంటే కుర్రాళ్లు వెంట నడుస్తారు. మృత్యువు పక్కనున్నవాడు పీటర్. 'తల్లిదండ్రులు'లో ఇద్దరూ ఒకే ముద్దగా కూలబడతారు, ముఖాలు కనబడవు. 'తల్లులు'లో ఆడవాళ్లు ఒకరినొకరు గట్టిగా పట్టుకుని నిలబడితే, మధ్యలోంచి పిల్లలు తొంగిచూస్తారు. 1977 నవంబరు ఉప్పెన కథలు వింటూ పెరిగిన మన తీరంవాళ్లకు ఈ బొమ్మను ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

వీరగాథ అని అందరూ పాడుతున్నదాన్ని ఇంట్లో చావుగా చూపడమే ఆమె తిరుగుబాటు. హిట్లర్‌కు వ్యతిరేకంగా వామపక్షాలు ఏకం కావాలన్న విజ్ఞప్తిపై సంతకం చేసినందుకు 1933లో ప్రష్యన్ కళా అకాడమీ నుంచి రాజీనామా చేయించారు. 1936లో నాజీల రహస్య పోలీసు గెస్టపో ఇంటికొచ్చి నిర్బంధ శిబిరానికి పంపుతామని బెదిరించింది. ఆమె దేశం వదలలేదు. 1942లో మనవడు, వాడి పేరూ పీటరే, రష్యాలో యుద్ధానికి బలయ్యాడు. యుద్ధం ముగియడానికి కొద్దిరోజుల ముందు, 1945 ఏప్రిల్‌లో ఆమె కన్నుమూసింది.

చైనా రచయిత లూషున్ 1931లోనే 'బలి'ని అచ్చువేసి, యువ చిత్రకారులకు షాంఘైలో వుడ్‌కట్ నేర్పించాడు. చెక్క చౌక, పెద్ద యంత్రం అక్కర్లేదు, కాగితం వీపున చెంచాతో రుద్దినా అచ్చు పడుతుంది. పేదల పక్షాన నిలిచే కళకు ఇంతకన్నా ఏం కావాలి? మన దేశంలో, పంటలో ఎక్కువ వాటా కోసం తెభాగా పోరాటం చేసిన బెంగాల్ రైతుల్ని సోమనాథ్ హోర్ వుడ్‌కట్లలో నిలిపాడు.

తెనాలి, బాపట్ల, రేపల్లె డ్రాయింగ్ మాస్టార్లకు ఒక విన్నపం. పిల్లల్ని ఒకరోజు పెడన తీసుకెళ్లి ఉలి పని చూపించండి. తిరిగొచ్చాక 'తల్లులు' బొమ్మ ముందు పెట్టి, తలా ఒక చెక్కముక్క ఇచ్చి, తమ ఊరి మనుషుల్ని చెక్కమనండి.