అనుమానితుల అనుమానం

మాకు అనుమానం కొత్త కాదు. దాని కిందే పుట్టాం, దాని కిందే బతుకుతున్నాం. అద్దె ఇల్లు అడిగితే ముందు పేరు అడుగుతారు. పేరు చెప్పగానే, అప్పటిదాకా ఖాళీగా ఉన్న వాటా నిన్ననే ఎవరికో ఇచ్చేసిన సంగతి ఇంటాయనకి గుర్తొస్తుంది. ‘మీరు తెలుగు భలే మాట్లాడతారే’ అని మెచ్చుకునేవాళ్లుంటారు. ఆ మెప్పులోనే మేం తెలుగువాళ్లం కాదన్న తీర్పు ఉందని వాళ్లకి తట్టదు.

తర్కశాస్త్రంలో అనుమానం అంటే కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని తెలుసుకోవడం. పొగను చూసి నిప్పు ఉందనుకోవడం. బజార్లో అనుమానం అంటే టోపీని చూసి బాంబు ఉందనుకోవడం. ఈ రెండో అనుమానానికి ఇన్నాళ్లూ జవాబులు చెప్పుకుంటూనే ఉన్నాం. మేం అనుమానించడం మాత్రం నేర్చుకోలేదు. నేర్పగలిగిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. ఆయన ఇమామ్ గజాలీ.

జుమా బయాన్లలో గజాలీ పేరు వింటూనే పెరిగాం. మేం విన్నది జవాబులు చెప్పే గజాలీని. ప్రశ్నలడిగిన గజాలీని మాకెవరూ పరిచయం చెయ్యలేదు. ఆయన 1058లో ఖురాసాన్‌లోని తూస్‌లో పుట్టాడు. 1091లో బాగ్దాద్‌లోని నిజామియా మదర్సాలో పెద్ద ఆచార్యుడయ్యాడు. 1095లో ఆ పదవినీ పేరునూ వదిలేసి వెళ్లిపోయాడు. చివరి సంవత్సరాల్లో రాసుకున్న ‘అల్ మున్‌ఖిజ్ మినజ్ జలాల్’లో తన లోపలి కల్లోలాన్నంతా చెప్పుకున్నాడు.

క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగా, యూదుల పిల్లలు యూదులుగా, ముస్లింల పిల్లలు ముస్లింలుగా పెరగడం ఆయన గమనించాడు. మరి నాకు తెలిసిందనుకుంటున్నదాంట్లో పెద్దలు చెప్పగా ఒప్పుకున్నదెంత, నిజంగా తెలుసుకున్నదెంత అని అడుక్కున్నాడు. తర్వాత కళ్లనే అనుమానించాడు. నీడ నిలిచి ఉన్నట్టే కనిపిస్తుంది, కాసేపాగి చూస్తే జరిగి ఉంటుంది. నక్షత్రం దీనారు నాణెమంత కనిపిస్తుంది, లెక్క కడితే భూమికన్నా పెద్దదని తేలుతుంది. కళ్ల తప్పును బుద్ధి పట్టుకుంది సరే, బుద్ధి తప్పును పట్టుకునేదెవరు? కలగంటున్నంతసేపూ కల నిజమే. ఈ మెలకువ కూడా మరో మెలకువ ముందు కల కాదని ఎట్లా చెప్పగలం? దాదాపు రెండు నెలలు ఆ సందేహంలో ఆయన నలిగిపోయాడు.

డెకార్ట్ ఇంద్రియాలనూ కలనూ ముందుపెట్టి ఇటువంటి ప్రశ్నలే వేసింది 1641లో. కాలేజీలో తత్వశాస్త్రం చదివే మా పిల్లలకి డెకార్ట్ పేరు తెలుసు, గజాలీ ఇట్లా అడిగాడని తెలియదు. సందేహం పడమటివాళ్ల సొత్తు, విశ్వాసం ముస్లిముల సొత్తు అని అందరూ పంచేసుకున్నారు. మేమూ తలూపాం.

అట్లాగని గజాలీని నెత్తిన పెట్టుకోవడానికి ఇది రాయడం లేదు. తాను కోలుకున్నది రుజువుల వల్ల కాదని, అల్లా తన గుండెలో వేసిన వెలుగు వల్లనని ఆయన నిజాయితీగా ఒప్పుకున్నాడు. అంత సందేహపడ్డ మనిషే ‘తహాఫుతుల్ ఫలాసిఫా’లో తత్వవేత్తల వాదాలు ఇరవై తీసుకుని ఖండించి, వాటిలో మూడింటిని కుఫ్ర్ అన్నాడు. వాదనతో ఓడించడం వేరు, ముద్ర వెయ్యడం వేరు. తర్వాత ఇబ్న్ రుష్ద్ ఆయనకి వాదనతోనే జవాబిచ్చాడు. ఆయన తీర్పును పక్కనపెట్టి, ఆయన ప్రశ్నను తీసుకుందాం.

నక్షత్రం సంగతి చూడండి. ముస్లిం పిల్లలంతా మదర్సాల్లోనే చదువుతారని చాలామందికి ‘కనిపిస్తుంది’. టోపీ పెట్టుకుని వెళ్లే పిల్లవాడు కంటికి ఆనతాడు, సర్కారు బడికి యూనిఫాంలో వెళ్లే మా పిల్లవాడు ఆనడు. 2006లో సచార్ కమిటీ లెక్క తీస్తే, బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు వెళ్లేది 3, 4 శాతమేనని తేలింది. అక్కడ పెద్దది చిన్నగా కనిపించింది, ఇక్కడ చిన్నది పెద్దగా కనిపిస్తోంది. తప్పు చూసే కంటిదే.

ఇక నీడ. ఇది మా వాకిట్లోదే. ఇస్లాంలో కులం లేదని చెప్పుకుంటాం. నమాజులో ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడతాం కూడా. పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి దూదేకులవాళ్లు ‘మనవాళ్లు’ కారు. వాళ్లకి ఉర్దూ రాదని వెక్కిరించే నోరే, ‘మీకు తెలుగు ఎట్లా వచ్చింది’ అని బయటివాళ్లడిగితే నొచ్చుకుంటుంది. 2007లో వెనకబడిన ముస్లింలకి బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. దాని జాబితాలో ధోబీలు, హజామ్‌లు, ఫకీర్‌లు, ఖురేషీలు ఉన్నారు. సయ్యద్‌లు, మొగల్‌లు, పఠాన్‌లు లేరు. కదలదనుకున్న నీడ కదిలింది. మాలో కొందరికి ఆ జాబితా చదవడానికే మనసొప్పలేదు.

కల ప్రశ్న మా సెక్యులర్ మిత్రులకి. మీరు మేల్కొన్నారనీ మేం నిద్రపోతున్నామనీ మీ నమ్మకం. మతాన్ని ప్రశ్నించమంటారు, మంచిదే. సభలో దీపం వెలిగిస్తే, సర్కారు భవనానికి కొబ్బరికాయ కొట్టి పునాది వేస్తే అది సంస్కృతి అవుతుంది. అదే సభలో మేం సలాం చెబితే అది మతమవుతుంది. మమ్మల్ని జనజీవన స్రవంతిలో కలవమంటారు. ఆ స్రవంతి ఎవరిదని మీరెప్పుడైనా అడుక్కున్నారా? మిమ్మల్ని మీరు ‘మనం’ అనుకున్నప్పుడు ఆ మాటలో మేమున్నామా? మీ మెలకువలో ఇంకా కొంత కల మిగిలి ఉందేమో చూసుకోండి.

ఎదుటివాడి మీదికే వెళ్లి ఆగిపోయే సందేహాన్ని పోలీసు సందేహం అంటాం. తన కంటి దగ్గర మొదలయ్యేదే గజాలీ సందేహం. మమ్మల్ని ప్రశ్నించండి, అభ్యంతరం లేదు. అయితే ముందు మీ చూపును ప్రశ్నించుకోండి. మేం మా సఫ్‌ను ప్రశ్నించుకుంటాం. ఆ పని ఇద్దరం చేసుకున్నాక మాట్లాడుకోవడానికి కూర్చుందాం.