లేత్ ఎంచే చెయ్యి

ఇంటి వెనక షెడ్డులోకి పాత లేత్ కొనేవాళ్లు విజయవాడ ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన టర్నర్ ఒకర్ని వెంటబెట్టుకెళ్లాలి. మనం రంగు చూస్తాం, ఆయన బెడ్ చూస్తాడు. పనంతా చక్ దగ్గరే కాబట్టి బెడ్ ముందు అరిగేదీ అక్కడే. అందుకని శాడిల్‌ను అక్కడ బిగువుగా సర్ది, టెయిల్‌స్టాక్ వైపు జరుపుతాడు. మధ్యలో పట్టేస్తే అరుగుదల బయటపడ్డట్టే. తర్వాత చక్ తీయించి, స్పిండిల్‌కు డయల్ గేజ్ ఆనిస్తాడు. మిల్లీమీటరులో నూరో వంతు ఊగినా ముల్లు చెప్పేస్తుంది. చివరికి ఓ కడ్డీని సన్నగా కోసి, రెండు కొసలూ మైక్రోమీటరుతో కొలుస్తాడు.

స్వింగ్ 180, సెంటర్ల మధ్య 300 మిల్లీమీటర్లున్న బుల్లి లేత్ బల్లమీదే ఇముడుతుంది. బుష్‌లకూ పిన్నులకూ చాలు. అయినా ‘ఉన్నవాటిలో బరువైనదే తీసుకోండి, తేలికది కోతకు వణుకుతుంది’ అంటాడు. ఏ కేటలాగూ నేర్పని విద్య ఇది. మిషన్ ధరతోపాటు ఆ చూపుకూ కూలి కట్టివ్వడం న్యాయం.