ముసలి తుపాకీ నాడి

గోదావరి జిల్లాల్లో ఒక తరం ముందు ఎన్‌సీసీ క్యాంపుకి వెళ్లినవాళ్లని కదిపి చూడండి, కుడిభుజం తడుముకుంటూ త్రీ నాట్ త్రీ రైఫిలు కథ మొదలుపెడతారు. దాదాపు నాలుగు కిలోల బరువు, పది గుళ్ల మేగజీను. 1907లో బ్రిటిష్ సైన్యంలో చేరిన లీ ఎన్‌ఫీల్డ్ రకం అది. బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో మనవాళ్లూ దశాబ్దాలపాటు తయారుచేశారు. ఉత్తరప్రదేశ్ పోలీసులు దాన్ని 2020 రిపబ్లిక్ డే దాకా మోశారు!

పేల్చడం నాలుగు రోజుల్లో వస్తుంది. పాత రైఫిలు పేల్చడానికి పనికొస్తుందో లేదో చెప్పడానికే ఏళ్లు పడుతుంది. నేను చూసిన ఆర్మరర్, అంటే తుపాకులు బాగుచేసే ఒకాయన, ముందు తూటాల పెట్టె జోలికే వెళ్లలేదు. కళ్లజోడు సర్దుకుని బోల్టు మీద నంబరూ, బాడీ మీద నంబరూ కలిపి చూశాడు. "ఒకదాని బోల్టు ఇంకోదానికి పెడితే సందు మిగులుద్దబ్బాయ్. ఆ సందులో తూటా ఇత్తడి తొడుగు చీలిపోద్ది" అన్నాడు. తర్వాత డీపీ అక్షరాల కోసం వెతికాడు. అవి ఉంటే కవాతుకే, కాల్పులకి కాదు. ఆపైన గొట్టాన్ని ఆకాశం వైపు పెట్టి చూపించాడు. ఎడమకి మెలితిరుగుతూ అయిదు గాళ్లు, మధ్యలో తుప్పు మచ్చలు.

మొదటి గుండు భుజం మీద పెట్టి కాల్చనివ్వలేదు. రైఫిల్ని పాత టైరుకి కట్టి, ట్రిగ్గరుకి తాడు వేసి, మట్టికట్ట చాటునుంచి లాగాడు. పేలగానే అందరం గురి వైపు పరిగెత్తాం. ఆయన మాత్రం ఖాళీ తూటా ఏరి, అడుగున గోటితో రాసి చూశాడు. అక్కడ మెరిసే గీత కనబడితే ఇత్తడి చీలబోతున్నట్టే, రెండో గుండు ఉండదు. గీత లేదు. అప్పుడు మమ్మల్ని పడుకోబెట్టి అయిదు కాల్పించాడు.

ఇలా పరీక్షించే తీరిక 1922లో బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడ్డ మన్యానికి లేదు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు పోలీసు స్టేషన్ల మీద దాడిచేసిన అల్లూరి సీతారామరాజు దళానికి దొరికినవి 26 తుపాకులు, రెండున్నర వేల తూటాలు. నడివానాకాలం, ఎదర పోలీసు పటాలం. సరిచూడ్డానికి ఖర్చుపెట్టే తూటాలెక్కడివి?

మా కాల్పులయ్యాక మరిగే నీళ్లు గొట్టంలో పోశాడు ఆ ఆర్మరర్. పాత తూటాల అడుగునుండే ప్రైమరు పేలితే ఉప్పు మిగులుతుంది. అది నూనెకి పోదు, నీళ్లకే కరుగుతుంది. మన కోస్తా చెమ్మలో ఒక్కరాత్రి వదిలేస్తే తెల్లారేసరికి తుప్పే. గొట్టం తుడిచే పుల్‌త్రూ గుడ్డ తెల్లగా వచ్చేదాకా లాగించి, ఆ తర్వాతే నూనె రాయనిచ్చాడు.

త్రీ నాట్ త్రీ మామూలు పౌరులకి నిషిద్ధమైన బోరు. కాబట్టి మీ అటక మీద తాతగారి తుపాకీ ఏదైనా కనబడితే బోల్టు లాగకండి, స్టేషనుకి కబురు చెయ్యండి.