ఆమోసు 1–2 అధ్యాయాలు, అంతర్జాతీయ నేరాల చట్టం: జాన్ బార్టన్ వాదనపై ఒక విమర్శ

ఉపోద్ఘాతం

ఉదయగిరి, ఆత్మకూరు 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో అమెరికన్ బాప్టిస్టు మిషను కేంద్రాలైనాయి. ఆ మిషను సంఘాలలో అధికులు మాదిగ, మాల కుటుంబాల నుండి వచ్చినవారు. ఇటువంటి సంఘాలలో ఆమోసును బోధించేటప్పుడు మనం సాధారణంగా 5:24 వద్ద నిలుస్తాము. దమస్కు మొదలుకొని మోయాబు వరకు సాగే తీర్పులను అన్యజనుల సంగతిగా భావించి దాటివేస్తాము. ఆ తీర్పులు నేటి అంతర్జాతీయ నేరాల చట్టానికి ఎంత దగ్గరగా ఉన్నాయో చూపిన గ్రంథం జాన్ బార్టన్ 1980లో ఇంగ్లీషులో ప్రచురించిన ఆమోసు అధ్యయనం. దాని ప్రధాన వాదనను, అది ఆగిపోయిన చోటును ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

బార్టన్ వాదన

గిలాదును ఇనుప పరికరాలతో నూర్చడం, జనమంతటినీ చెరపట్టి అమ్మివేయడం, గర్భిణీ స్త్రీల కడుపులు చీల్చడం అనే నేరాలను ఆమోసు పేర్కొంటాడు. ఈ జనములకు మోషే ధర్మశాస్త్రం ఇవ్వబడలేదు. అయితే ఏ ప్రమాణంతో వీరికి తీర్పు? జనములన్నీ ఎరిగిన యుద్ధమర్యాద ఒకటి ఉన్నదనీ, దానిని మీరినందుకే శిక్ష అనీ బార్టన్ జవాబు. దీనికి బలమైన ఆధారం 2:1. మోయాబు కాల్చినది ఎదోము రాజు ఎముకలను. అందులో ఇశ్రాయేలుకు కలిగిన నష్టమేమీ లేదు. అయినా అది దేవుని యెదుట నేరమే.

ఈ వాదన విలువ న్యాయచరిత్రలోనూ కనబడుతుంది. 1948లో టోక్యో విచారణలో భారతీయ న్యాయమూర్తి రాధాబినోద్ పాల్ భిన్నమైన తీర్పు వ్రాశారు. దురాక్రమణ యుద్ధం జరిగిన నాటికి దానిని నేరంగా నిర్ణయించిన చట్టం లేదన్నది ఆయన ముఖ్య అభ్యంతరాలలో ఒకటి. వ్రాయబడని నియమం కూడా ముందే తెలిసినదై ఉండవచ్చునని బార్టన్ చదివిన ఆమోసు చెబుతాడు.

ఉదయగిరి దుర్గం వద్ద ఒక ప్రశ్న

అయితే "అందరూ ఎరిగిన మర్యాద" అన్నప్పుడు, ఆ అందరూ ఎవరు? శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి ఉదయగిరి దుర్గాన్ని 1514లో గెలిచి, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తరలించి 1515లో ప్రతిష్ఠించాడు. గెలిచినవానికి అది కీర్తి. విగ్రహం పోగొట్టుకొన్న కొండకు అది ఏమిటి? ఫిలిష్తీయులు మందసమును దాగోను గుడిలో పెట్టిన కథ (1 సమూ. 5) ఓడినవారి వైపు నుండి చెప్పబడింది. నేడు 1954 హేగ్ ఒడంబడిక సాంస్కృతిక సంపదను కాపాడుతున్నది. టింబక్టులో సమాధులను కూల్చినందుకు అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2016లో ఒకనికి 9 సంవత్సరాల శిక్ష విధించింది. రాజులు ఏర్పరచుకొన్న వాడుక మాత్రమే ప్రమాణమైతే ఇటువంటి నియమం పుట్టేది కాదు. ఓడినవాని నోరు కూడా ప్రమాణంలో చేరాలి. బార్టన్ ఈ సంగతికి తగిన స్థానం ఇవ్వలేదు.

2:6 వద్ద మలుపు

బార్టన్ దృష్టిలో ఇశ్రాయేలు మీది తీర్పు శ్రోతలను దిగ్భ్రాంతిపరచే శిఖరం. నా పరిశీలనలో అది అంతకంటె ఎక్కువ. చెప్పులజత కోసం బీదవానిని అమ్మడాన్ని ఆమోసు యుద్ధనేరాల వరుసలోనే చేర్చాడు. 1998 రోము ఒడంబడిక కూడా మానవత్వంపై నేరానికి యుద్ధం అవసరం లేదన్నది; పౌరులపై విస్తృతమైన లేక క్రమబద్ధమైన దాడి జరిగితే చాలు. భారతదేశం ఆ ఒడంబడికలో చేరలేదు. 2001 డర్బన్ సదస్సులో కులాన్ని అంతర్జాతీయ చర్చకు తేవడాన్ని మన ప్రభుత్వం వ్యతిరేకించింది. 2018 డిసెంబరు 17న సజ్జన్ కుమార్ కేసులో ఢిల్లీ హైకోర్టు, జాతిహననము, మానవత్వంపై నేరము మన శిక్షాస్మృతిలో లేకపోవడం పూడ్చవలసిన లోటని చెప్పింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ లోటు పూడలేదు.

నియమం ఉన్నంత మాత్రాన

1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులు చంపబడ్డారు. దానిని అంతర్జాతీయ నేరంగా ఏ న్యాయస్థానమూ విచారించలేదు. కాని అక్కడ 1989 అత్యాచారాల నిరోధక చట్టమున్నది, ఆ గ్రామంలోనే ప్రత్యేక న్యాయస్థానమూ ఏర్పడింది. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు, సాక్ష్యం చాలదని అందరినీ విడుదల చేసింది. ఆమోసుకు నియమమున్నది, న్యాయస్థానం లేదు. చుండూరుకు రెండూ ఉన్నవి. కేసు సాక్ష్యం దగ్గర కూలిపోయింది.

ముగింపు

కనుక కాపరికి ఇందులో పని ఉన్నది. ద్వితీ. 19:15 ఇద్దరు ముగ్గురు సాక్షులను కోరుతుంది, నిర్గమ. 23:2 సమూహము వెంట పోయి సాక్ష్యం తిప్పవద్దంటుంది. పగతీర్చుట ప్రభువు పనియని రోమా 12:19 చూపి బాధితుని ఇంటికి పంపివేసే బోధ, అదే పత్రికలో 13:4ను మరచిన బోధ. చూచినవాడు చూచినంతే, ఆలస్యం లేకుండా చెప్పేటట్లు ధైర్యపరచడం, తేదీని, స్థలాన్ని వ్రాయించడం, 2015 సవరణతో చేరిన 15ఎ సెక్షను సాక్షులకు ఇచ్చే రక్షణను తెలియజేయడం సంఘ పరిచర్యలో భాగమే. ఆమోసు మొదటి రెండు అధ్యాయాలను ప్రసంగించే సంఘం ఈ పరిచర్యను తప్పించుకొనలేదు.