తండ్రి నోటి సామెత

సామెత లేని మాట ఆమెత లేని యిల్లని తెనుగువారనగా, మాట దారి తప్పిననాడు దానిని వెదకుటకు ఎక్కి పోవలసిన గుఱ్ఱమే సామెతయని పశ్చిమాఫ్రికాలోని యొరుబా పెద్దలందురు. నాకు గుఱ్ఱమే నచ్చినది. మన సామెత విందును తలచినది గాని, వారిది పనిని చెప్పినది.

ఆ పని యెట్టిదో మదనపల్లె టమోటా మండీలో చూడవచ్చును. ఎప్పుడు కోయవలెనో, ధర యెప్పుడు పెరుగునో ఊరివారికెల్ల చెప్పి, తన కాయలను మాత్రము ధర పడిపోయిన నాడు తెచ్చి దిగాలుపడి కూర్చున్న కొడుకును తండ్రి తిట్టడు. "ఊరందరికీ శకునం చెప్పే బల్లి పోయి కుడితి తొట్లో పడిందంట, నాయనా" అని, ఖాళీ క్రేట్లు సర్దుకొనును. నింద పడినది బల్లిమీద. చివర "అంట" చేరుటతో తీర్పు తండ్రిది గాక పూర్వులెవరిదో యైపోయినది. ఎదురాడుదమన్న ఎదుట మనిషియే లేడు!

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత" అన్నచోట క్రియ యొక్కటియు లేదు. లోపల రొదయైన మోత వెలుపల బరువు మోయుటయైనది. నడుమ నున్న డాంబికమును వినువాడే పోల్చుకొనవలెను, పోల్చుకొన్నపిదప కాదనజాలడు.

సామెతలు నీతిశాస్త్రమనుట మాత్రము నేనొప్పను. నిదానమే ప్రధానమన్న తండ్రియే, ఆలస్యం అమృతం విషమనియు నదే కొడుకుతో ననును. కెప్టెన్ కార్ దొర 1868లో చెన్నపట్టణమున అచ్చువేయించిన ఆంధ్రలోకోక్తిచంద్రికలో అకారాదిగా కూర్చిన రెండువేలకు పైబడిన సామెతలు ఒకదానితో నొకటి పోరాడక పడియుండును. సమయమెఱిగి ఒకదానిని తీయుటలోనే తండ్రి నేర్పున్నది.

1860 నవంబరు 16న ట్రూరో యను ఓడ చెన్నపట్టణమునుండి డర్బను చేరినది మొదలు 1911 వఱకు దక్షిణాఫ్రికాలోని నేటాలు చెఱకుతోటలకు కూలికి పోయినవారిలో నాటి ఉత్తర ఆర్కాటు జిల్లావారు పెక్కుమంది; పుంగనూరు జమీయు, కుప్పమున్న కంగుంది జమీయు ఆ జిల్లాలోనివే. పొలము ఓడ యెక్కదు, ఊరి గుడియు నెక్కదు. నోటనున్న సామెత యెక్కును. అయితే, మనిషి మనుషులవలననే మనిషియని చెప్పుకొను జూలూల నడుమ పుట్టిన బిడ్డకు కుడితి యననేమి? బియ్యము కడిగిన నీళ్లు, గంజి, తవుడు కలిపి పశువులకు పెట్టునదని చెప్పవలెను. ఆ తొట్టి యెక్కడుండునో, బల్లి పలికిన దిక్కునుబట్టి పెద్దలేల ఉలికిపడుదురో చెప్పవలెను. మందలింపు మాట యటుండ, తాను చూడని ఊరొకటి బిడ్డకు తెలియును. దూరదేశమున సామెతకు వచ్చు ఈ విలువ స్వగ్రామమున నుండగా రాదు.

మూడు భాషలు కలియు కుప్పమునుండి బెంగుళూరు రైలెక్కినవానికి ఈ శ్రమ తక్కువ. నిండు కుండ తొణకదను మాట కన్నడ తమిళములలోను ఇంచుమించుగా నట్లే యుండుటచే, అక్కడ చదువుకొను కొడుకునకు వేఱు వ్యాఖ్య అక్కఱలేదు; ఈగల మోత వచ్చినపుడు మాత్రము తండ్రి తెనుగుననే పలికి, రెండు మోతలను విడదీసి చెప్పవలసినదే.