పెద్దల సందుగలోని సిక్కాలు

వెల్గటూరు, ధర్మపురి, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఇంటి పెద్ద గతించి, కర్మకాండ ముగిసి, అన్నదమ్ములు పాళ్లు పంచుకొను దినమున, భూముల కాగితములును బంగారమును లెక్క తేలిన పిదప, గోడవారనున్న సందుగ యడుగునుండి బరువైన బట్టసంచియో, తుప్పు పట్టిన బిస్కెట్ల రేకుడబ్బాయో బయటపడుట అరుదు కాదు. దానిని చాపమీద గుమ్మరించినచో చార్మినారు బొమ్మగల వెండి సిక్కాలు, రాణి మొగముగల బ్రిటిషువారి కల్దారు రూపాయలు, నడుమ రంధ్రముగల రాగిబిళ్లలు, అంచులు వంకరలు తిరిగిన నయాపైసలు, దుబాయినుండి కొడుకు తెచ్చిన దిర్హములు, వీని నడుమ బూడిదవన్నెతో గుండ్రమని చెప్పుటకును వీలులేని సీసపు ముక్కలు నాలుగైదు దొర్లును. చుట్టును కూర్చున్నవారిలో ఎవరో యొకరు "ఇవి అమ్మితే ఎంతొస్తది?" అని యడుగుదురు. అడుగుట తప్పు గాదు. కాని దానికి ముందు అడుగదగిన ప్రశ్నలు కొన్ని కలవు. వానికి బదులు చెప్పగలవారు అప్పటికింకను ఆ యింటనే కూర్చుండియుందురు. ఈ సీసపు ముక్క ఎవరికి, ఏ చేనిలో దొరికినది? ఈ సిక్కాలను ఎవరు, దేనికి బదులుగా పుచ్చుకొనిరి? ఈ సంచి తాతదా, తాతకు ఆయన మామగారిచ్చినదా? లోహమునకు వెల కట్టువాడు ఏ అంగడివీధిలోనైనను దొరకును; అది వచ్చిన త్రోవ తెలిసిన అవ్వ ఇంటికొక్కతెయే యుండును. కావున తొలిపని ఆమె చెప్పినదానిని చెప్పినట్లుగా కాగితముపై వ్రాయుట. మలిపని ఏ సంచిలోనివానిని ఆ సంచితోనే వేరువేరు కాగితపు కవర్లలో నుంచుట. వెండివన్నియు నొకచోట, రాగివన్నియు నొకచోట పోసి సర్దుట చూచుటకు ముచ్చటగనే యుండును గాని, ఒక్క గడియలో సంచుల చరిత్రలన్నియు దానితో కలిసిపోవును.

మూడవది పని కాదు, పని మానుట. దీపావళినాడు లక్ష్మీపూజకు ముందు ఇత్తడి చెంబులతో పాటు పాత నాణెములను గూడ చింతపండుతో రుద్ది, బూడిదతో తోమి, పాలతో కడిగి, పసుపుకుంకుమలు పెట్టుట మన యిండ్లలో ఆచారము. దేవుని సన్నిధికి వచ్చునది శుభ్రముగా నుండవలెననెడి భావము ఉత్తమమే. నాణెమునకు మాత్రము అది ప్రాణాంతకము. రాగి నాణెముపై దశాబ్దములుగా, ఒక్కొక్కప్పుడు శతాబ్దములుగా గట్టిపడిన ఆకుపచ్చని లేక గోధుమవన్నె పొర లోహమును కాపాడు చర్మము వంటిది. చింతపులుపు ఆ పొరను నిమిషములలో కరిగించును; బూడిద అక్షరముల మిట్టలను గీచివేయును. మిగులునది గులాబివన్నె మెఱుపు. ఎఱిగినవాడు దానిని చూచినంతనే ప్రక్కకు నెట్టును. వెండి సిక్కాను నల్లబడినదని కంసాలి యొద్ద మెఱుగు పెట్టించుటయు నిట్టిదే. మన్ను గట్టిగా పట్టియున్నచో రాగిని, వెండిని స్వేదనజలములో నానబెట్టి, మెత్తని నూలుగుడ్డతో రుద్దక అద్ది తీయవచ్చును. సీసమును ఆ నీటిలో సైతము వేయరాదు, అది సీసమును తినును. రాగిపై వ్రేలికి అంటుకొను లేత ఆకుపచ్చని పొడి మచ్చలుగా కనబడినచో అది రక్షించు పొర కాదు, వ్యాపించు తెగులు. అట్టిదానిని తక్కినవానినుండి వేరుచేసి, తేమ తగులనిచోట నుంచి, తెలిసినవారికి చూపవలెను.

ఇక ఆ సీసపు ముక్కల మాట. ఇతర మండలములలో దొరకినచో ఇవి వింతలు. వెల్గటూరు మండలమున ఇవి ఇరుగుపొరుగువారు. పెద్దవాగు గోదావరిలో గలియుచోట, కోటేశ్వరస్వామి గుడి యున్న కోటిలింగాలలో, వానలు కురిసి గట్టు కోసుకొనిపోయినప్పుడెల్ల పాత నాణెములు తేలుచుండెడివి. పశువుల కాపరులును, స్నానమునకు వచ్చినవారును ఏరి తెచ్చినవానిని ధర్మపురివాసియగు సంగనభట్ల నరహరి శర్మగారు ఓపికతో సేకరించి పండితుల కందించినారు. శాసనపండితులు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు వానిపై నున్న బ్రాహ్మీలిపిని చదివి లోకమునకు వెల్లడించినారు. పిదప 1979 మొదలు వి.వి. కృష్ణశాస్త్రిగారి ఆధ్వర్యమున పురావస్తుశాఖ అచ్చట త్రవ్వకములు జరిపినది. ఆ నాణెములపై గోబద, నారన, కంవాయ, సమగోప యను రాజుల పేర్లు కనబడినవి. పురాణముల ఆంధ్రరాజుల పట్టికలలో ఈ పేర్లు లేవు. అంతవరకు వీరు రాజులని చెప్పిన గ్రంథమే లేదు. వీరి రాజ్యమునకు సాక్ష్యము అరచేతిలో నిమిడిపోవు ఈ ముక్కలే. వానితో పాటు 'రఞో సిరి చిముక సాతవాహనస' అను లేఖ గల నాణెములును దొరకినవి. ఈ చిముకుడే పురాణములు చెప్పిన సాతవాహన మూలపురుషుడైన సిముకుడని పలువురు పండితుల నిర్ణయము. పుణె జిల్లాలోని నానేఘాటులో సిముకుని పేరు చెక్కబడియుండుటచే ఆ వంశమునకు పశ్చిమదక్కనే పుట్టినిల్లని వాదించినవారికి, గోదావరి గట్టునుండి ఈ చిన్న లోహపు ముక్కలు ఎదురు నిలిచినవి.

నా యభిప్రాయమున ఈ కథలో ముఖ్యమైనది పేరొక్కటే కాదు, చోటు. అదే చిముకుని నాణెము హైదరాబాదులోనో బొంబాయిలోనో ఒక వర్తకుని పెట్టెలో ఊరు పేరు లేకుండ కనబడియుండినచో, దానిపై నున్న అక్షరములు అవే యైనను, సాతవాహనుల తొలి కాలమును గూర్చిన ఈ వాదమున దాని సాక్ష్యము చెల్లియుండెడిది కాదు. వెల్గటూరు ఇంటి సందుగలోని సీసపు ముక్క వెనుక "మా తాత ఫలానా వానకాలము గట్టుమీద ఏరినాడు" అనెడి మాట నిలిచియున్నంతవరకే అది చరిత్రకు పనికివచ్చును. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయపు వెనుకనీరు ఆ తీరమును తాకిన తరువాత ఈ మాటకు విలువ మఱింత పెరిగినది.

అట్టి ముక్కను చదువదలచినవాడు మొదట దానిని అంచులతో పట్టుకొని, గదిలో వెలుతురు తగ్గించి, ఒక్క దీపమును ప్రక్కనుండి ఏటవాలుగా పడునట్లు పెట్టి, మెల్లగా త్రిప్పుచు చూడవలెను. నిట్టనిలువు వెలుగులో నున్నగా కనబడు బిళ్లపై ఏనుగు తొండము, కటకటాల నడుమ చెట్టు, మూడు వంపుల కొండ, నాలుగు వలయములను శిలువగా కలిపిన ఉజ్జయినీ చిహ్నము ఒక్కటొక్కటిగా పైకి లేచును. అంచువెంట సాగు అక్షరములలో చివరిది ప్రాయికముగా 'స'. 'ఫలానా రాజుయొక్క' అని ప్రాకృతములో చెప్పు షష్ఠీవిభక్తి అది. సెల్‌ఫోనుతోనైనను ఇట్టి ఏటవాలు వెలుగులోనే ఛాయాచిత్రము తీసి, వజ్రాలు తూచు చిన్న ఎలక్ట్రానిక్ త్రాసుపై గ్రాములో నూరవవంతు వరకు తూకము వ్రాసికొనవలెను. సీసమును చెక్కపెట్టెలో నుంచరాదు: చెక్కనుండి వెలువడు ఆమ్లపు ఆవిరి సోకి అది తెల్లని పొడిగా రాలిపోవును, ఆ పొడి విషము. తాత ముచ్చటపడి చేయించిన టేకు పెట్టెను ఇతర పనులకు వాడుకొనుడు, ఇనుపబీరువాయే మేలు.

నిజాము నాణెములు చదువుట అంతకన్న సులభము, సరదాయు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కాలమున, 1903 ప్రాంతమున, చార్మినారు బొమ్మగల యంత్రముద్రిత నాణెములు వెలువడసాగినవి. చార్మినారు నడిద్వారములో ఒక ఉర్దూ అక్షరముండును. 'మీమ్' అయినచో మహబూబ్ అలీ, 'ఐన్' అయినచో ఉస్మాన్ అలీ. ఉస్మాన్ అలీ తొలి సంవత్సరపు నాణెములలో ఆ ఐన్ సగమే యుండును, పిమ్మట పూర్తిగా నుండును. సేకరణకారులు ఆ సగపు అక్షరమును వెదకుదురు. 92 అను అంకె కనబడినచో కొత్తవారు దానిని సంవత్సరమని భ్రమపడుదురు. అది మహమ్మద్ అను పేరులోని అక్షరముల సంఖ్యావిలువల మొత్తము. అసలు సంవత్సరము హిజ్రీలో నుండును. లిపి కుడినుండి ఎడమకు సాగినను అంకెలను మాత్రము మనవలెనే ఎడమనుండి కుడికి చదువవలెను. నూటికి మూడు చొప్పున తగ్గించి 622 కలిపినచో క్రీస్తుశకము వచ్చును: 1329లో 40 తీసి 622 కలిపిన 1911, అనగా ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన యేడు.

హాలీ సిక్కా యనబడు ఈ నిజాము రూపాయి తూకము 11.18 గ్రాములు, బ్రిటిషువారి కల్దారు సరిగా తులము, 11.66 గ్రాములు. ఏడు హాలీలకు ఆరు కల్దారులు మారకము. నూరు కల్దారులు కావలెనన్నచో 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీలో పోయవలసివచ్చెడిది. ఈ లెక్కను నోటితో కట్టగలిగిన వ్యాపారులు ప్రతి అంగడిలో నుండిరి. 1950లో భారత రూపాయి వచ్చి ప్రక్కన నిలిచినది, 1959లో హాలీ చెల్లుబాటు ముగిసినది. ఆ యేటనే మన రిజర్వు బ్యాంకు గల్ఫు దేశములలో చెలామణికై వేరుగా గల్ఫు రూపాయి నోట్లను వెలువరించుట ఒక చిత్రము. ఇంట హాలీ పోయిన సంవత్సరముననే మన రూపాయి ఆవలి తీరమున మఱొక వేషము వేసినది. జగిత్యాల, కోరుట్ల యువకులు ఎడారికి పోవునాటికి అదియు నశించి, కాఫీకూజా బొమ్మగల దిర్హమును, సౌదీ హలాలయు వచ్చినవి. వీనికి బజారులో విలువ స్వల్పము. అయినను పారవేయక ఎవరు, ఏ కొలువులో, ఏ యేట తెచ్చిరో వ్రాసి యుంచుడు. ఈ ప్రాంతపు యాభై యేండ్ల చరిత్రలో వానికిని వాటా కలదు.

కల్దారులను గూర్చి రెండు మాటలు చాలును. విక్టోరియా పేరు 1876 వరకు రాణిగను, 1877 నుండి చక్రవర్తినిగను ఉండును. 1940లో వెండి సగమునకు తగ్గినది, 1947 నాటికి పూర్తిగా పోయి నికెలు వచ్చినది. 1911 నాటి ఐదవ జార్జి రూపాయిలో రాజుగారి మెడహారముపై నున్న ఏనుగు పందివలె నున్నదని అలజడి పుట్టి ముద్రణ నిలిచినది. 94 లక్షలు ముద్రింపగా సుమారు 7 లక్షలే ప్రజల చేతికి పోయినవి, మిగిలినవి కరగిపోయినవి. స్వతంత్రభారతపు నాణెములలో సంవత్సరము క్రింద నక్షత్రమున్నచో అది హైదరాబాదు టంకశాలది.

మోసముల మాట చెప్పక తప్పదు. సీతారాముల పట్టాభిషేకమో, హనుమంతుడో ఒకవైపును, ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరము మఱొకవైపును గల బిళ్లలు కంపెనీవారు ముద్రించినవి కావు. పూజకో, అమ్మకమునకో పిమ్మట పోతపోసినవి. వీనిలో కొన్ని బియ్యపు గింజలను ఆకర్షించునని, కోట్లు పలుకునని చెప్పి 'రైస్ పుల్లింగ్' పేరుతో జనులను ముంచువారు మన జిల్లాలలో పలుమాఱు పోలీసులకు చిక్కినారు. పాత నాణెములకు లక్షలిత్తుము, ముందు రుసుము కట్టుడనువారిని నమ్మవద్దని 2021లో రిజర్వు బ్యాంకే ప్రకటించినది. అనుమానమున్న సిక్కాను తూచుడు, అయస్కాంతము చూపుడు, అంచున పోతగీత యున్నదేమో చూడుడు. వెండి అయస్కాంతమునకు అంటదు.

చట్టమును గూర్చి: ఇంటి పెట్టెలోనిది వారసులది. నాగటిచాలులోనో పునాదిలోనో బయటపడిన నిక్షేపమును మాత్రము కలెక్టరుకు తెలుపవలెను. 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన నాణెము పురావస్తువు. దానిని దేశము దాటించుట నేరము. 1911 నాటి రూపాయి ఇప్పటికే ఆ కోవలోనిది. దుబాయిలోనో డల్లాసులోనో ఉన్న కొడుకునకు జ్ఞాపకార్థము సూట్‌కేసులో వేసి పంపువారు ఈ మాట నెఱుగరు.

నిలువచేయుటకు కాగితపు కవరు, తేమ పీల్చు సిలికా పొట్లము చాలును. మెత్తని ప్లాస్టిక్ సంచులు కాలక్రమమున జిగురుగా మారి నాణెమును పచ్చబఱచును. రబ్బరు బ్యాండు వెండిని నల్లబఱచును. ప్రతి కవరుపై తూకము, దొరికిన చోటు, ఇచ్చినవారి పేరు వ్రాయుడు. శస్త్రవైద్యులైన దేమె రాజారెడ్డిగారు తమ వృత్తిని విడువకయే సాతవాహన నాణెములపై ప్రమాణగ్రంథములు వ్రాసిరన్న సంగతి తలచినచో, ఉద్యోగముండగా ఈ పనికి తీరిక యెక్కడిదనుట చెల్లదు.

పంపకము మాట వచ్చినపుడు హాలీ సిక్కాలను, కల్దారులను సమానముగా పంచుకొన్నను నష్టము లేదు, అవి అనేకము. కోటిలింగాల సీసపు ముక్కలను విడదీయక ఒక్కచోట నుంచి, పట్టికయు ఛాయాచిత్రములును అందఱికి ఇచ్చుట మంచిది. ఎవరును ఉంచుకొనలేనిచో కరీంనగరు పురావస్తు ప్రదర్శనశాల కలదు. అమ్మదలచినచో జంటలుగా నున్నవానిలో రెండవదానిని, అదియు కనీసము ఇద్దరు వర్తకులకు చూపిన పిదప అమ్ముడు. కొంకెలు అతికించి పేరుగా గ్రుచ్చిన రూపాయలు నాణెముల అంగడిలో వెల తగ్గియుండును. ఆ కొంకెలను ఊడబెఱికింపవలదు, మచ్చ మిగులును, వెల పెరుగదు. వానిని నాణెముల లెక్కలో వేయక నగల లెక్కలో వేసి ఆడబిడ్డ కిచ్చుటయే తగును.